సర్టిఫికెట్‌లో నిజామాబాద్, ఫారంలో కామారెడ్డి



మాది ఎల్లారెడ్డి దగ్గర తండా. ఉద్యోగంలో చేరిన కొత్తల ఒక స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌కు సర్వర్ కోడ్ రాసిన. అడ్రస్‌లో జిల్లా, కుల సర్టిఫికెట్‌లో జిల్లా ఒకటే ఉండాలె, లేకుంటే దరఖాస్తు తీసుకోవద్దు. ఈ షరతు పెట్టింది నేనే. నా వివరాలే నింపి రెండుసార్లు చూసిన, పోయింది. టైం లేదని టెస్టులు రాయలే.

చివరి తేదీకి మూడు రోజుల ముందు మా చిన్నాయన కొడుకు ఫోన్ చేసిండు. "అన్నా, నా ఫారం తీస్కుంటలేదు. నా సర్టిఫికెట్ దొంగదా?"

వానిది 2014 సర్టిఫికెట్. మీద నిజామాబాద్ జిల్లా అని ఉంది. కామారెడ్డి జిల్లా అయింది 2016 అక్టోబర్ 11న. అక్కడ పుట్టి పెరిగిన నాకే యాది రాలే. నాది కొత్త సర్టిఫికెట్ కదా!

ఆ రాత్రి ముందు టెస్టు రాసి, తర్వాతనే కోడ్ ముట్టుకున్న. టెస్టు పెద్ద విద్యేం కాదు. బ్రౌజర్ లేకుండ ఒక కోడ్ ముక్క సర్వర్‌కు ఫారం పంపుతది. తీసుకున్నట్టు 201 జవాబు వచ్చిందా, డేటాబేస్‌లో పేరు చేరిందా అని చూస్తది. అసలు డేటాబేస్ జోలికి పోదు, టెస్టుకు వేరేది పెట్టుకుంటం. తమ్ముని లెక్క వివరాలు పంపిన. 400 వచ్చింది, అంటే సర్వర్ తిప్పికొట్టింది. టెస్టు ఫెయిలైతే సంతోషపడ్డది అదే మొదటిసారి, తప్పు చేతికి దొరికింది మరి. షరతు సవరించినంక పాసైంది. ఖమ్మం సర్టిఫికెట్ పంపితే మాత్రం ఆపాలె, అదింకో టెస్టు. 2018లో మన తండాలు చాన పంచాయతీలైనయి, పాత కాగితాల మీద వేరే ఊరి పేరుంటది. దానికొకటి.

తెల్లారి తమ్ముని ఫారం పోయింది. అంతకుముందు తిప్పి పంపినోళ్ల నంబర్లు సర్వర్ రాసిపెట్టుకోలే. ఎంతమంది మళ్ల ప్రయత్నం చెయ్యకుండ ఊకున్నరో.