కోవిన్ నమోదు, చేరని ఓటీపీ

సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో ప్రారంభమైన తెలంగాణ కోవిడ్ టీకా కార్యక్రమం, మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవారికీ, దీర్ఘవ్యాధులున్న 45 ఏళ్లు పైబడినవారికీ విస్తరించినప్పుడు, కోవిన్ పోర్టల్‌లో స్వయంగా పేరు నమోదు చేసుకునే వీలు కూడా ప్రజలకు కలిగింది. అందుకు మొబైల్‌కు వచ్చే ఓటీపీ, అంటే ఒక్కసారికి మాత్రమే చెల్లే సంకేత సంఖ్య, తప్పనిసరిగా ఉండేది.

మార్చి 8న ఎందరికో ఆ సంఖ్య చేరలేదు. పోర్టలే మొరాయించిందని భావించడం సహజమే గాని, అసలు అడ్డంకి సందేశం ప్రయాణించే దారిలో ఉంది: అవాంఛిత వాణిజ్య సందేశాలను అరికట్టే 2018 నాటి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల మేరకు, సంస్థలు ముందుగా నమోదు చేసిన నమూనాతో ప్రతి సందేశాన్నీ పోల్చి చూసే వడపోతను టెలికాం కంపెనీలు అప్పుడే అమలు చేయగా, నమూనాకు సరిపోలనివన్నీ ఆగిపోయాయి, బ్యాంకుల ఓటీపీలకూ అదే గతి పట్టింది. మరునాడే ట్రాయ్ ఆ వడపోతను ఏడు రోజులు నిలిపివేయించింది.

నిబంధన ఉద్దేశం మంచిదే. అయినా టీకా కోసం ఎదురుచూస్తున్న వృద్ధులు లోపం తమ ఫోన్‌లోనే ఉందనుకుని మళ్లీమళ్లీ ప్రయత్నించవలసి రావడం అన్యాయం. సందేశం పోర్టల్ నుంచి వెలువడిందా, టెలికాం కంపెనీ దానిని స్వీకరించిందా, ఫోన్‌కు చేరిందా అన్న మూడు దశల వివరాన్ని తెరపైనే చూపడం నిర్వాహకుల బాధ్యత.