నీరు నిలబడే క్షణం

పాఠం ఉద్దేశం

ఈ వ్యాసంలో రచయిత్రి తాను డిగ్రీలో కలన గణితం నేర్చుకున్న తీరును వివరించారు. దీన్ని చదవడానికి గణితంలో ప్రత్యేక పరిచయం అక్కరలేదు. కూడిక, భాగహారం తెలిస్తే చాలు. తెలియని విషయాన్ని తెలిసిన విషయంతో ఎలా కలుపుకోవచ్చో గమనిస్తూ చదవండి.

పాఠ్యభాగం

అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనాభా సుమారు 3 లక్షల 80 వేలు. వారిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఓడెక్కి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎన్నో. మాదీ అలాంటి కుటుంబమే. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ దగ్గర ఉండేవాళ్లం. ఆ పట్టణానికే 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. నాన్న చేపల వేటకు వెళ్లేవాడు.

పదో తరగతి దాకా నా చదువు తెలుగులో సాగింది. ఆ పైన అంతా ఇంగ్లీషే. తొంభైల చివర జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయంలో బి.ఎస్‌సి.లో చేరాను. 1967లో ఏర్పడిన కళాశాల అది. అప్పట్లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. మొదటి సంవత్సరంలో కలన గణితం చదవాలి. ప్లస్‌టూలో సూత్రాలు నేర్చుకున్నాం. వాటిని ఎక్కడ వాడాలో తెలుసు. కాని డిగ్రీలో అడిగే ప్రశ్న వేరు. ఆ సూత్రం ఎందుకు వచ్చింది? దాని అర్థం ఏమిటి? ఫంక్షన్, లిమిట్, డెరివేటివ్ అనే మాటలు రోజూ చెవిన పడేవి. మనసులో మాత్రం నిలిచేవి కావు.

నా పక్కన కూర్చునే అమ్మాయి దసరా సెలవుల తర్వాత కళాశాలకు రాలేదు. "ఇది నావల్ల కాదు" అని ఇంట్లో చెప్పిందట. ఇంట్లోవాళ్లకు ఆ ఒక్క మాట చాలింది. మరుసటి వేసవిలో పెళ్లి చేసేశారు. లెక్కల్లో ఆమె నాకంటే చురుకైనది. ఆమెకు అడ్డం వచ్చింది తెలివితక్కువతనం కాదు. అర్థం కాని మాట ఎదురైనప్పుడు దాన్ని విప్పి చెప్పేవాళ్లు దగ్గర లేకపోవడం.

నాకు మాట విప్పి చెప్పింది ఒక పుస్తకం. బంధువు ఒకాయన విశాఖ నుంచి ఓడలో వస్తూ తెలుగు అకాడమీ వారి ఇంటర్మీడియట్ గణితం తెచ్చిపెట్టాడు. ఫంక్షన్ అంటే ప్రమేయం, లిమిట్ అంటే అవధి, డెరివేటివ్ అంటే అవకలజం అని అందులో చూశాను. ఇవీ కొత్త మాటలే. కాని అవధి అంటే హద్దు అని తెలుసు కదా! ఆ హద్దు ఎక్కడుందో చూడడానికి మా అధ్యాపకుడు ఒక లెక్క ఇచ్చాడు. మీరూ చేయండి.

కొబ్బరి చెట్టు మీది నుంచి కాయ పడుతోంది. మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు పడుతుంది. రెండు సెకన్లకు మొత్తం 20 మీటర్లు. అంటే కాలాన్ని కాలంతో గుణించి, దాన్ని 5తో గుణించాలి. సరిగ్గా ఒక సెకను గడిచిన క్షణంలో కాయ వేగం ఎంత? ఒకటో సెకను నుంచి రెండో సెకను దాకా చూస్తే సగటు వేగం 15 మీటర్లు. 1 నుంచి 1.1 సెకన్ల దాకా చూస్తే సెకనుకు 10.5 మీటర్లు. 1.01 దాకా చూస్తే 10.05. 1.001 దాకా చూస్తే 10.005. వ్యవధి తగ్గేకొద్దీ జవాబు 10కి దగ్గరవుతోంది. ఆ 10 అవధి. అదే ఆ క్షణపు వేగం. దాన్ని కనుక్కొనే పద్ధతే అవకలనం.

ఈ ఆలోచన మనకు పరాయిది కాదు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన సిద్ధాంత శిరోమణిలో గ్రహాల 'తాత్కాలిక గతి'ని చర్చించాడు. తాత్కాలిక గతి అంటే ఆ క్షణంలో ఉన్న వేగం. 17వ శతాబ్దంలో న్యూటన్, లైబ్నిట్జ్ కలన గణితాన్ని ఒక పూర్తి శాస్త్రంగా తీర్చిదిద్దారు.

గరిష్ఠం దగ్గర అవకలజం సున్నా అవుతుందని తరగతిలో చెప్పినప్పుడు నాకు నాన్న మాట గుర్తొచ్చింది. పోటు నిండినప్పుడు ఆయన రేవులో చూసి, "నీరు నిలబడిందమ్మా. ఇంక వెనక్కి తిరుగుతాది" అనేవాడు. అండమాన్‌లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఆటు నుంచి పోటుకు ఆరు గంటలకు పైగా పడుతుంది. అమావాస్య, పౌర్ణముల దగ్గర నీటి మట్టంలో తేడా దాదాపు రెండు మీటర్లు ఉంటుంది. అయితే నీరు ఒకే వేగంతో పెరగదు. నావికులు దీనికి పన్నెండు వంతుల లెక్క ఒకటి వాడతారు. మొత్తం పెరుగుదల 180 సెంటీమీటర్లు అనుకుందాం. గంట గంటకు పెరిగేది వరుసగా 15, 30, 45, 45, 30, 15 సెంటీమీటర్లు. ఇది ఉజ్జాయింపు లెక్కే. కాని విషయం స్పష్టం. మధ్యలో వేగం ఎక్కువ. చివరలో తగ్గి తగ్గి, పోటు నిండిన క్షణంలో సున్నా. నాన్న "నిలబడింది" అన్నది ఆ సున్నానే.

ఆ ఆరు సంఖ్యలను కూడి చూడండి. మళ్లీ 180 వస్తుంది. వేగాలను కూడుకుంటూ పోయి మొత్తం మార్పును రాబట్టడం సమాకలనం. అవకలనం, సమాకలనం ఒకదానికొకటి ఎదురు పనులు. డిగ్రీ మొదటి సంవత్సరపు కలన గణితానికి ఇదే వెన్నెముక.

సముద్రం తెలిసినంత మాత్రాన పరీక్ష గట్టెక్కలేదు. రోజుకు పది లెక్కల చొప్పున ఏడాదంతా చేశాను. అర్థం తెలిశాక ఆ శ్రమ బరువనిపించలేదు. అంతే తేడా.

ఇప్పుడు మీవంటి వారికి పాఠాలు రాయడం నా ఉద్యోగం. కలన గణితం అధ్యాయం దగ్గరకు రాగానే పుస్తకం పక్కన పెట్టే అభ్యాసకులను చూస్తుంటాను. వారిలో బస్సు నడిపేవారు, కుట్టుపని చేసేవారు, వడ్డీ లెక్కలు నోటితో వేసేవారు ఉంటారు. మారుతున్న వేగాలు వాళ్లకు కొత్త కాదు. పాఠం రాసేటప్పుడు దసరా తర్వాత రాని ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు అనుకుంటాను. ప్రతి కొత్త మాట దగ్గర ఆగి, ఆమెకు తెలిసిన విషయం ఒకటి వెతుకుతాను. మీరు చదివేటప్పుడూ అలాగే చేయండి. మాట అర్థం కాకపోతే "నావల్ల కాదు" అనుకోవద్దు. ఆ మాట ఇంకా విడలేదు, అంతే.

అభ్యాసం

1. రచయిత్రి స్నేహితురాలు చదువు ఎందుకు మానేసింది? మీ మాటల్లో రాయండి.

2. కొబ్బరికాయ లెక్కలో సరిగ్గా 2 సెకన్ల దగ్గర వేగం కనుక్కోండి. 2 నుంచి 2.1, 2.01, 2.001 సెకన్ల దాకా సగటు వేగాలు వేసి చూడండి.

3. మీ పనిలో వేగం పెరిగి, తగ్గి, ఒక క్షణం ఆగే సందర్భం ఏదైనా ఉందా? పది వాక్యాల్లో రాయండి.