పెదవి ముందు, మాట వెనుక

దూరాన చాకిరేవులో బట్ట బండమీద పడ్డాక క్షణం ఆగి చప్పుడు వినిపిస్తుంది. దాన్నెవరూ తప్పనరు. కాంతి కన్నా శబ్దం నెమ్మదన్న సంగతి చెవికి చిన్నప్పట్నుంచీ అలవాటే. అందుకే బొమ్మ కన్నా మాట కాస్త ఆలస్యమైతే మనిషి సర్దుకుంటాడు. ముందొస్తే మాత్రం సహించడు. 1998లో అంతర్జాతీయ టెలీకమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన సిఫార్సూ అదే చెబుతుంది. శబ్దం దాదాపు 45 మిల్లీ సెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీ సెకన్లు వెనకబడినా ప్రేక్షకుడు పసిగట్టేస్తాడు.

జోల్వాలోని ఆ ఇంట్లో తేడా 800 మిల్లీ సెకన్లు.

సూరత్ జిల్లా పల్సానా తాలూకాలోని జోల్వాకు మగ్గం పని కోసం కరీంనగర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వారిది. 1996లో సొంతూళ్లో జరిగిన పెద్దమ్మాయి పెళ్లి క్యాసెట్‌ను 2007లో ఓ స్టూడియోలో డీవీడీ చేయించారు. ఆ తర్వాత క్యాసెట్ బూజు పట్టి పోయింది. మిగిలింది డిస్కే. అందులో తాతగారు కొత్త జంటను దీవిస్తూ ఐదు నిమిషాలు మాట్లాడారు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. "గొంతు మా బాపుదే బిడ్డా, నోరు మాత్రం ఇంకెవరిదో లెక్కున్నది" అని తల్లి అన్న మాటే కొడుకును కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

నిజానికి ఆనాటి పెళ్లి వీడియోల్లో ముప్పాతిక భాగానికి ఈ బెడద లేదు. మిక్సింగ్‌లో అసలు శబ్దం తీసేసి సినిమా పాటలు నింపేవారు. పాటకూ పంక్తి భోజనానికీ పొంతన ఎవరు చూస్తారు?

మొదట అతను అందరూ చేసే పనే చేశాడు. శబ్దాన్ని మొత్తంగా అర సెకను ముందుకు జరిపాడు. దీవెన మొదట్లో మాట కుదిరింది, చివరికొచ్చేసరికి మళ్లీ తప్పింది. అంటే తేడా స్థిరంగా లేదు, పెరుగుతోంది. బొమ్మకూ శబ్దానికీ వేర్వేరు గడియారాలుంటే ఇలా సమానంగా జారుతుంది. అప్పుడు శబ్దం నిడివిని కాస్త సాగదీసో కుదించో సరిచేయొచ్చు. అదీ చేసి చూశాడు. ఈసారి మధ్యలో చెడింది.

అసలు కారణం క్యాసెట్ ముడతల్లో ఉంది. టేపు నలిగినచోట సంకేతం చెదిరి, క్యాప్చర్ కార్డు కొన్ని ఫ్రేములను వదిలేస్తుంది. శబ్దం మాత్రం ఆగకుండా నమోదవుతూనే ఉంటుంది. మన పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి ఒక ఫ్రేము పోతే 40 మిల్లీ సెకన్లు పోయినట్టే. ఇరవై పోతే బొమ్మ 800 మిల్లీ సెకన్లు ముందుకెళ్లిపోతుంది. మరమగ్గం మీద పేక పోగు తెగితే మగ్గమే ఆగిపోతుంది. కంప్యూటర్‌కు ఆ మర్యాద లేదు.

ఇక ఒక్కో ఫ్రేమూ జరుపుతూ గెంతులు వెతకడమే. గురుతులకు డోలు పనికొచ్చింది. సినిమా వాళ్ల క్లాప్ పలక చేసే పనిని గట్టిమేళం చేసిపెట్టింది. పుల్ల డోలును తాకిన ఫ్రేమూ, చప్పుడు మొదలైన చోటూ తెరమీద స్పష్టంగా కనిపిస్తాయి. దీవెనకు ముందు మేళం దగ్గర పన్నెండు ఫ్రేముల లోటు తేలింది. దీవెనలో మూడు చోట్ల కలిపి మరో ఎనిమిది.

సరిచేయడానికి రెండు దారులు. మాటల మధ్య మౌనాన్ని కత్తిరించడం తేలిక, బొమ్మను ముట్టుకోనక్కర్లేదు. కానీ ఆ మౌనం తాతగారు ఊపిరి పీల్చుకున్నది, తడబడి ఆగింది. అతను దాన్ని కోయలేదు. గెంతిన చోటల్లా పక్క ఫ్రేమునే మళ్లీ పెట్టి లోటు పూడ్చాడు. అందుకోసం బొమ్మను మళ్లీ ఎన్‌కోడ్ చేయాల్సొచ్చింది, రంగు కాస్త మసకబారింది. సరైన బేరమే. ముసలాయన ముఖం రెప్పపాటు నిలిచిపోయినట్టుంటుంది గానీ, నోరు ఆయనదే.

కొత్త డిస్కు కరీంనగర్‌లోని అక్క ఇంటికీ వెళ్లింది. అక్కడ మళ్లీ ఫిర్యాదు: ఈసారి మాటే ముందొస్తోందట. కొత్త టీవీ బొమ్మను మెరుగుపెట్టే పనిలో ఆలస్యం చేస్తుంటే, డీవీడీ ప్లేయర్ నుంచి నేరుగా స్పీకర్లకు వెళ్లిన శబ్దం ముందే వచ్చేస్తోంది. స్పీకర్ల సెట్టింగుల్లో ఆడియో డిలే ఎక్కడుందో అతను ఫోన్‌లోనే బావకు చెప్పి, అంకె పెంచుతూ పొమ్మన్నాడు.