నౌబత్ పహాడ్ మీద అనంతపురం పిల్లలు

హైదరాబాద్ విహారయాత్రకు వెళ్లే అనంతపురం బడిపిల్లలకు చార్మినార్, గోల్కొండ, జూ పార్కు అయ్యాక మిగిలేది నౌబత్ పహాడ్. ఆ కొండ మీద 1985లో ఎన్.టి. రామారావు ప్రారంభించిన బిర్లా ప్లానెటేరియం, తర్వాత 1990లో దాని పక్కనే వెలసిన సైన్స్ మ్యూజియం ఉన్నాయి. మీటలు నొక్కి, చక్రాలు తిప్పి చూసే పరికరాల దగ్గర పిల్లలు ఒకరినొకరు తోసుకుంటారు. మాస్టార్లు కేకలేస్తూనే ఉంటారు. అంత గోలా మ్యూజియంలోని డైనోసారియం గుమ్మం దాటగానే సద్దుమణుగుతుంది. ఎదురుగా 44 అడుగుల పొడవు, 16 అడుగుల ఎత్తున్న కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం నిలబడి ఉంటుంది.

"నిజం ఎముకలేనా సార్?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. దీనికి సరైన జవాబు చెప్పే ఓపిక మాస్టారికి ఉండాలి. ఇది పరాయి దేశం నుంచి తెచ్చిన నమూనా కాదు. ప్రాణహిత-గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు తవ్వి తీసిన శిలాజాలతో కూర్చిన అస్థిపంజరం. పి. యాదగిరి 1988లో ఈ జంతువును శాస్త్రలోకానికి పరిచయం చేశారు. దొరికినవి 840 ఎముకల భాగాలు. అవన్నీ ఒకే జంతువువి కావు, కనీసం పన్నెండింటివి. పుర్రె దొరకలేదు, రెండు పళ్లు మాత్రం చిక్కాయి. అంటే పైనుంచి మనవైపు చూస్తున్న ఆ తల, బంధువుల పోలికలను బట్టి మనుషులు తయారుచేసి పెట్టింది. ఈ సంగతి చెబితే పిల్లలు నిరాశపడతారేమో అని కొందరు దాటవేస్తారు. దాటవేయకూడదు. తెలిసిందేదో, ఊహించి పూరించిందేదో విడదీసి చూడడమే సైన్స్ మ్యూజియంలో నేర్చుకోవలసిన మొదటి పాఠం.

రెండో ప్రశ్న అనంతపురం పిల్లలే అడగాలి: "మన జిల్లాలో ఇట్లాటివి ఎందుకు దొరకవు సార్?"

ఎందుకంటే అక్కడి రాయి డైనోసార్ల కంటే ఎంతో ముసలిది. కోటసారస్ తిరిగింది ఇప్పటికి సుమారు పద్దెనిమిది కోట్ల ఏళ్ల కిందట. అనంతపురం గుట్టల్లో చాలావాటి గ్రానైటు, నైసు రాళ్లు 250 కోట్ల ఏళ్లు దాటినవి. అప్పటికి భూమి మీద ఎముకన్నదే పుట్టలేదు. వజ్రకరూరు పొలాల కింద ఉన్న కింబర్లైట్ సుమారు 110 కోట్ల ఏళ్ల నాడు, నూటయాభై కిలోమీటర్ల కంటే లోతు నుంచి పొడుచుకు వచ్చిన రాయి. తొలకరి పడగానే చుట్టుపక్కల ఊళ్ల జనం వజ్రాల కోసం చేలల్లో వంగి వెతికేది, అది అరిగి కరిగి పోగా మిగిలిన మట్టిలోనే. ఇక తాడిపత్రి. భూశాస్త్రవేత్తలు ఆ ఊరి పేరు పెట్టిన రాతిపొరల్లో స్ట్రోమటొలైట్లు ఉన్నాయి. కంటికి కనపడని జీవులు లోతులేని సముద్రం అడుగున పొర మీద పొరగా, ఉల్లిగడ్డను నిలువునా కోసినట్టు, పేర్చుకుంటూ పోయిన గుర్తులవి. వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కోసం మొగులు వైపు చూసే జిల్లాలో ఒకప్పుడు సముద్రం ఉండేదని పిల్లలకు చెప్పి చూడండి, కళ్లు ఎంత పెద్దవవుతాయో!

అయితే మ్యూజియం విలువ రాళ్లతోనే తేలదు. కలివికోడి కథ వింటే అది ఇంకా బాగా అర్థమవుతుంది.

ముళ్లపొదల మధ్య రాత్రిపూట మాత్రమే తిరిగే ఈ చిన్న పక్షి గుండె మీద రెండు పట్టీలుంటాయి. జెర్డన్ అనే ఆంగ్లేయుడు చూపిస్తే 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర పెన్నా లోయలో హోవర్డ్ క్యాంప్‌బెల్ దాన్ని చూశాడు. ఆ తర్వాత కనబడలేదు. అంతరించిందనే అందరూ రాసుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర స్థానిక వేటగాళ్ల సాయంతో దాన్ని మళ్లీ కనుగొన్నారు. ఎనభై ఆరేళ్ల తర్వాత! దానికోసమే లంకమల అడవిని అభయారణ్యం చేశారు.

పక్షి దొరికినా గుడ్డును చూసినవాళ్లు లేరు. ఆ గుడ్డు మన దేశంలో కాకుండా స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియం సొరుగులో బయటపడింది. 1917లో అనంతపురానికి దక్షిణాన, కోలారు ప్రాంతంలో ఎర్నెస్ట్ మీటన్ అనే పశువైద్యుడు సేకరించిన గుడ్డు అది. అసలుదో కాదో తేల్చాలంటే పోల్చడానికి ఆ పక్షిదే ఏదో ఒకటి ఉండాలి కదా. బ్రిటన్‌లో ఒక మ్యూజియంలో దాచిన పాత పక్షి చర్మం నుంచి తీసిన డి.ఎన్.ఏ.తో సరిపోల్చి, 2013 నాటికి నిర్ధారించారు. దాచినవాళ్లకు డి.ఎన్.ఏ. అన్న మాటే తెలియని కాలంలో దాచిన వస్తువు, వందేళ్లకు జవాబు చెప్పింది. దాచినందుకే కాదు, ఎక్కడ దొరికింది, ఏ ఏడు దొరికింది అన్న చీటీ దానితో నిలిచినందుకు కూడా. ఆ చీటీ లేకపోతే అది ఏదో ఒక పిట్ట గుడ్డుగానే మిగిలిపోయేది.

అందుకే అనంతపురం జిల్లా నుంచి పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వెళ్లే మాస్టార్లకు ఒక మనవి. బస్సు కట్టే ముందు ఒక రోజు వజ్రకరూరుకో తాడిపత్రికో తీసుకెళ్లండి. అక్కడి నేలను తాకనివ్వండి, ఆ రాయి వయసు చెప్పండి. బడికి ఒక అద్దాల బీరువా కొనండి. అందులో పెట్టే ప్రతి రాతికీ, ఎండిన కాయకూ, రాలిన ఈకకూ ఊరి పేరు, తేదీ, తెచ్చిన పిల్ల పేరు రాసిన చీటీ కట్టించండి. విశ్వవిద్యాలయాలున్న జిల్లా కేంద్రంలో పెద్ద ప్రకృతి చరిత్ర మ్యూజియం ఉండితీరాలి. దాన్ని కట్టమని ప్రభుత్వాన్ని అడగండి. కట్టేలోపల మీ బీరువా నింపడం మొదలుపెట్టండి.