ఊడలు

జూన్ 14, 2024
బడులు తెరిచారు. ఐదో తరగతికి కాగితాలు పంచి, మీకు నచ్చింది వేయండి అన్నాను. తరగతంతా ఒకటే బొమ్మ. రెండు కొండలు, నడుమ సూర్యుడు, గుడిసె, వాగు, కొబ్బరిచెట్టు. కిటికీ అవతల బంతితోట ఉంది. ఒక్కరూ అటు తలెత్తలేదు.
రెండో బెంచీలోని పిల్ల మ. అసలేమీ వేయలేదు. "నాకు రాదు మేడం."
రాదని ఎవరు చెప్పారో?

జూలై 5
మూడో తరగతి వాళ్లకు ఆవు ఊదారంగులో ఉన్నా పట్టదు. గీసేసి నవ్వుతారు. ఐదుకు వచ్చేసరికి చేతిలోకి రబ్బరు వస్తుంది. గీత పడకముందే చెరపడం, పక్కవాడి కాగితంలోకి తొంగిచూడటం. ఎలా ఉండాలో కంటికి తెలిసిపోతుంది, చెయ్యి ఇంకా అందుకోదు. పిల్లల బొమ్మల మీద పనిచేసిన లోవెన్‌ఫెల్డ్ 1947 లోనే ఈ వయసు గురించి రాశాడు. తొమ్మిది నుంచి పదకొండేళ్లు. బొమ్మలు మానేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే మానేస్తారు. మా చెల్లి మానేసింది. స్టాఫ్ రూములో అందరూ మానేసినవాళ్లే.
మ. ఇవాళ కాగితానికి చిల్లు పడేదాకా చెరిపింది.

జూలై 26
రబ్బర్లూ పెన్సిళ్లూ డబ్బాలో వేయించి బొగ్గు ముక్కలిచ్చాను.
"తప్పు పోతే ఎట్ల మేడం?"
పోనీ. దాని పక్కనే ఇంకో గీత పెట్టు.
ఇంట్లో దొరికే రంగులు తెమ్మంటే జాజు, పసుపు, సున్నం, సుద్ద తెచ్చారు. పసుపులో చిటికెడు సున్నం పడగానే ఎర్రబడింది. ఒకటే కేకలు. పక్క తరగతి సారు వచ్చి చూసి వెళ్లారు. ఆ ఎరుపు కోసమే మళ్లీ మళ్లీ కలిపారు, బొమ్మ సంగతే మరిచిపోయారు. మరవనీ.
చింతగింజలు నానబెట్టాలి. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకు పూత వేసే జిగురు అదే. వచ్చేవారం వీళ్ల చేతే కాయించాలి.

ఆగస్టు 9
హెచ్‌ఎం గారు ఒప్పుకున్నారు. రోడ్డు దాటొద్దు, ఇవతల మర్రి దాకా మాత్రమే.
చెట్టు వేయొద్దన్నాను. ముందు తడమండి. ఊడ ఎక్కడ పుడుతోందో వెతకండి. నేల అందుకున్న ఊడలు మానులా గట్టిపడ్డాయి. అందుకోనివి ఇంకా జడల్లా ఊగుతున్నాయి. ఒకడు లేత కొసను రెండు వేళ్లతో నొక్కి, తడిగా ఉంది మేడం అన్నాడు. లారీ వెళ్లినప్పుడల్లా అన్నీ ఒక్కసారి కదిలేవి.
మ. ఒక ఊడను పట్టుకుని చాలాసేపు నిలబడింది. "ఇది కొమ్మనా మేడం, వేరా?"
కాగితం మీద ఒకే ఒక్క గీత పెట్టింది. పైనుంచి కిందికి. చెరపలేదు.

ఆగస్టు 23
బస్సు మొయినాబాద్ దాటితే కిటికీలోంచి ఒళ్లోకి నీడ పడుతుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, నాలుగు లేన్లు చేస్తారట. అంచుల్లో నిజాం కాలం మర్రులు, దాదాపు 900. వాటిని కొట్టొద్దని వేసిన కేసు హరిత ట్రిబ్యునల్‌లో ఉంది. ఈ రోడ్డు మీద ప్రమాదాల్లో మనుషులు పోతున్నారు, అదీ నిజమే. మా పిల్లల నాన్నలు చీకట్లో బండ్లేసుకుని తిరిగేది దీని మీదే.
పిల్లలకు ఏం చెప్పాలి? ఏమీ చెప్పలేదు. వారానికొక చెట్టును చూసి రమ్మన్నాను. ఏ చెట్టో ఎవరికి వాళ్లే ఎంచుకోవాలి.

సెప్టెంబరు 6
రేపు చవితి. చెరువు మట్టి, తట్టలకొద్దీ. మోచేతుల దాకా బురద. మట్టిలో నచ్చనిదేముంది, నొక్కితే మళ్లీ ముద్దే. మ. ముందు ఎలుకను చేసింది. వినాయకుడికి మట్టి చాలలేదు. ఎలుక చాలా బాగుంది. ఆ మాట పైకి అనలేదు. అంటే రేపటి నుంచి ఎలుకలే చేస్తుందేమో.

అక్టోబరు 1
రేపు ఎంగిలిపూల బతుకమ్మ. గది నిండా గునుగు, తంగేడు, బంతి.
తోట వైకుంఠం గారి బొమ్మ ప్రింటు గోడకు పెట్టాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీ నుంచి, "మా నాయనమ్మ లెక్కనే ఉన్నది మేడం!" అదే బొట్టు, అదే కట్టు, అదే చాయ. ఆయన కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టారని, చిన్నప్పుడు చూసిన ఊరి ఆడవాళ్లనే ఇన్నేళ్లుగా వేస్తున్నారని చెప్పాను.
"ఊరోళ్లను గూడ ఎయ్యొచ్చా?"
ఆ 'గూడ' దగ్గరే నా మనసు ఆగిపోయింది.

నవంబరు 8
కుటుంబ సర్వే. టీచర్లు ఇంటింటికీ తిరుగుతున్నారు, ఒంటిపూట బడి. డ్రాయింగ్ ఆఖరి పీరియడ్ కాబట్టి ఈ నెలంతా పోయినట్టే అనుకున్నాను. తెలుగు టీచరమ్మ తన రెండో పీరియడ్ ఇచ్చింది. ఆమె రుణం ఎట్లా తీర్చుకోను.
పొద్దున లేవగానే ఏం చూశావు? అదే వేయి.
ఒకడు కాగితమంతా బొగ్గుతో నింపేశాడు. ఆ నలుపులో రెండు దీపాలు, వెనక పసుపు కుప్ప. గుడిమల్కాపూర్‌కు పూలు పోయే ఆటో. తెల్లారకముందే వాళ్ల నాన్న బయల్దేరతాడట. ఇంకొకడు తొట్టిలో దిగి క్యారెట్లు కడుగుతున్న నాన్నను వేసి, మోకాళ్ల దగ్గర ఆగిపోయాడు. "నీళ్లల్ల కాళ్లు ఎట్ల కనబడ్తయి?"
పోయి చూసి రా అన్నాను. సోమవారం చెబుతాడు.
కొబ్బరిచెట్టు ఒక్కటీ రాలేదు.

డిసెంబరు 6
మ. వాళ్లమ్మ వచ్చింది. "బొమ్మలేస్తే మార్కులొస్తయా మేడం? ఇంట్ల గోడలన్ని బొగ్గు చేసింది." కోపంగానే అంది. వెళ్లే ముందు గుమ్మంలో ఆగి, గోడ మీది కోడి మాత్రం అచ్చం మా కోడే అంది.
ఏం జవాబు చెప్పను? చిత్రకారుడు కాపు రాజయ్య గారు సిద్దిపేటలో డ్రాయింగ్ మాస్టారుగా ఉన్న రోజుల్లో ఎందరు తల్లులు ఇదే అడిగి ఉంటారు. ఆయన ఏం చెప్పేవారో.
గోడకు మళ్లీ సున్నం వేసుకోవచ్చమ్మా, అని మాత్రం అన్నాను.

జనవరి 10, 2025
రేపటి నుంచి సంక్రాంతి సెలవులు. అందరూ బొమ్మలు తెచ్చి బల్ల మీద పెట్టారు. మ. తేలేదు. దగ్గరికి వెళితే రెండు చేతులూ అడ్డం పెట్టింది.
"ఇంక కాలేదు మేడం. అప్పుడే చూడొద్దు."
వేళ్ల సందుల్లోంచి కనిపించినంత మేర ఊడలే. కాగితం అంచు దాకా వచ్చి, చాలక, బెంచీ మీదికి కూడా దిగాయి. నల్లటి గీతలు, చేయి పెట్టి రుద్దిన మరకలు. ఎవరి కాగితంలోకీ తొంగిచూడటం లేదు.
సెలవుల తర్వాత పెద్ద చార్టులు కొనాలి. రెండు అతికితే సరిపోతుందా? మూడా? ఆమెనే అడగాలి.