నిశ్శబ్దానికీ ఊరు కావాలి

స్పెయిన్ దేశపు ఆగ్నేయ మూలన ఆల్మెరియా అనే జిల్లా ఉంది. ఒకవైపు మధ్యధరా సముద్రం, మరోవైపు ఫిలాబ్రెస్ కొండలు, నడుమ ఎండిన నేల. రోడ్డు సైకిలు మీద దూరాలు తిరిగే ఐరోపా వాళ్లు చలికాలంలో ఈ కొండలను వెతుక్కుంటూ వస్తారు. ఎందుకని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: ఇక్కడ నున్నటి తారురోడ్డు ఉంది, దాని మీద బండ్లు లేవు. ఈ రెండూ ఒకేచోట దొరకడం చాలా అరుదు. మంచి రోడ్డు ఉన్నచోట లారీలుంటాయి, లారీలు లేనిచోట గుంతలుంటాయి. అందుకే వచ్చినవాళ్లు ఈ నిశ్శబ్దాన్ని ప్రకృతి ఇచ్చిన వరంగా ఎంచి మురిసిపోతారు. నా అభిప్రాయం వేరు. ఈ నిశ్శబ్దంలో ప్రకృతి వాటా కొంతే. మిగతాది మనుషులు రోడ్డు వేయడంవల్ల, మనుషులు వలసపోవడంవల్ల ఏర్పడింది. ఇంకా అక్కడే ఉన్న కొద్దిమంది వల్ల నిలుస్తోంది. వాళ్లు కూడా వెళ్లిపోయిన రోజున ఈ రోడ్డు మరింత ప్రశాంతంగా మారదు, అసలు రోడ్డుగానే మిగలదు. ఈ ప్రశాంతతను ప్రేమించేవాళ్లు కోరుకోవలసింది ఊళ్లు బతకాలని.

ముందు ప్రకృతి వాటా ఎంతో చూద్దాం. అట్లాంటిక్ మీదుగా వచ్చే మేఘాలు పడమటి కొండల మీదే తమ వానను చాలావరకు కురిపించేస్తాయి. వాటిలో పెద్దది సియెర్రా నెవాడా. దాని శిఖరం ములాసేన్ ఎత్తు 3,479 మీటర్లు. ఆ కొండల వెనక వర్షచ్ఛాయలో పడిన తబెర్నాస్ ప్రాంతానికి ఏడాదికి 250 మిల్లీమీటర్ల వాన కూడా దక్కదు. సముద్రపు ఒడ్డునే ఉన్నా కాబో దే గాటాకు 200 దాటదు. అనంతపురంలో సగటున 550 మిల్లీమీటర్లు కురిస్తేనే మనం కరువు సీమ అంటాం. ఇక్కడ అందులో సగం కూడా లేదు. ఒకప్పుడు సముద్రపు అడుగున పేరుకున్న మట్టి ఇప్పుడు పైకి తేలి, అరుదుగా వచ్చే జడివానలకు కోసుకుపోయి, గట్లూ గండ్లూగా మిగిలింది. వంకలు ఏడాది పొడవునా పొడిగా ఉండి, ఒక్క సాయంత్రం వానకు ఉప్పొంగుతాయి. ఈ పొడి గాలి, చీకటి ఆకాశం చూసే ఫిలాబ్రెస్ కొండల మీద 2,168 మీటర్ల ఎత్తున కాలార్ ఆల్టో వేధశాల కట్టారు. 1973లో జర్మనీ, స్పెయిన్ కుదుర్చుకున్న ఒప్పందం దానికి మూలం. అక్కడి పెద్ద దూరదర్శిని అద్దం వ్యాసం మూడున్నర మీటర్లు. దానికోసం శిఖరం దాకా వేసిన రోడ్డు మీదే ఇవాళ సైకిళ్లు ఎక్కుతున్నాయి. అంటే ప్రకృతి ఖాళీగా ఉంచిన చోటికి కూడా రోడ్డు దానంతటది రాలేదు. ఎవరికో ఏదో పని పడితేనే వచ్చింది.

ఇక మనుషుల వాటా. ఈ కొండవాలు చూస్తే ఎడారిలో ఎవరు బతికారనిపిస్తుంది. దగ్గరికి వెళితే రాతి కట్టల అంచెలు కనిపిస్తాయి. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి, వాటి వెనక మట్టి నింపి, బాదం, ఆలివ్ చెట్లు పెంచిన మడులు అవి. నీళ్లను కాలువల్లో తిప్పి, గుమ్మటం కప్పిన తొట్లలో నిల్వచేసే నేర్పును ఈ నేలలో పాతినవాళ్లు మధ్యయుగపు ముస్లిం రైతులు. 1568లో వారి సంతతి లేపిన తిరుగుబాటును అణిచాక వాళ్లను ఈ కొండల నుంచి తరిమేశారు. 1609 నుంచి దేశం నుంచే వెళ్లగొట్టారు. తర్వాత వచ్చి స్థిరపడినవాళ్లు ఆ మడుల్నే సాగుచేశారు. పందొమ్మిదో శతాబ్దం చివర ఇనుప గనులు తెరుచుకుని ఊళ్లు నిండాయి. సెరోన్ దగ్గరి గనులు 1968లో మూతపడ్డాయి. అప్పటికే ఏళ్ల తరబడి జనం బార్సిలోనాకు, జర్మనీకి, ఫ్రాన్సుకు మూటలు కట్టుకుని వెళుతున్నారు. గనుల ఖనిజాన్ని మోసిన రైలు మార్గమూ 1985లో ఆగిపోయింది; దానిలో కొన్ని భాగాలు ఇప్పుడు నడకకూ సైకిలుకూ దారులయ్యాయి. ఇవాళ ఈ కొండల్లోని కొన్ని ఊళ్లలో మూడువందల మంది కూడా లేరు. సైకిలు మీద వెళ్లేవాడు వింటున్న నిశ్శబ్దం వెనక ఇన్ని ప్రయాణాలున్నాయి.

మరి జనం వెళ్లిపోయాక రోడ్డు ఇంత బాగా ఎలా ఉంది? ఇక్కడే ప్రభుత్వం పాత్ర వస్తుంది. స్పెయిన్ 1986లో ఐరోపా సమాజంలో చేరాక రహదారుల మీద భారీగా ఖర్చుపెట్టింది. తబెర్నాస్, సోర్బాస్ మీదుగా పోయే పాత ఎన్-340 మీది దూరప్రయాణపు బండ్లన్నీ కొత్తగా వేసిన నాలుగు వరుసల ఏ-7 మీదికి మళ్లాయి. పాత రోడ్డును మూసేయలేదు, గాలికి వదిలేయలేదు, ఊళ్లకోసం నిలబెట్టారు. దానికి చట్టమూ తోడైంది. సైకిలును దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటరు ఎడం ఉంచాలి. దారి స్పష్టంగా ఉంటే, ఆ ఎడం ఇవ్వడానికి మధ్యగీత దాటినా తప్పులేదు. ఇద్దరు సైకిలిస్టులు పక్కపక్కన వెళ్లవచ్చు. 2019లో మామూలు రోడ్ల మీద వేగ పరిమితిని గంటకు 100 నుంచి 90 కిలోమీటర్లకు తగ్గించారు. 2022 నుంచి ఒకే దిశలో రెండు వరుసలున్న చోట సైకిలును దాటే బండి పూర్తిగా పక్క వరుసలోకి మారాలి. అయితే ఈ నిశ్శబ్దం జిల్లా అంతటా పరుచుకుని లేదు. పాలరాతి గనులున్న మకాయెల్ చుట్టుపక్కల రోడ్ల మీద బరువు లారీలు తిరుగుతూనే ఉంటాయి. అది లోపమని నేననను. పని ఉన్న ఊరికి చప్పుడు ఉంటుంది. ఆ చప్పుడు ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండనక్కరలేదో తేల్చిన విధానాల ఫలితమే మిగతా రోడ్ల మీది ప్రశాంతత.

ఫిలాబ్రెస్ కొండల్లోని వెలెఫీకే ఊరి నుంచి కనుమ దాకా ఎక్కే రోడ్డును తీసుకుంటే, ఈ నిశ్శబ్దం మనుషుల వల్లే నిలుస్తోందన్న మాట తేటపడుతుంది. సుమారు 13 కిలోమీటర్లు, మెలికమీద మెలిక, ఎక్కేసరికి 1,800 మీటర్ల ఎత్తు. 2021లో స్పెయిన్‌ను చుట్టే అంతర్జాతీయ సైకిల్ పోటీ వుయెల్టాలో ఒక రోజు పందెం ఈ కొండ మీదే ముగిసింది. ఇటలీకి చెందిన డమియానో కరూసో గెలిచాడు. మామూలు సైకిలిస్టుకు ఇది గంటకు పైబడిన శ్రమ. ఇంత నెమ్మదిగా ఎక్కేవాడికి బండ్లు లేకపోవడం విలాసమేమీ కాదు. వెనకనుంచి వచ్చే ఒక్క కారును అది మూడు మెలికల కిందుండగానే వినగలగడం ప్రాణరక్షణ. గొర్రెల మెడగంటలు, పైన్ చెట్లలో గాలి, తన ఊపిరి తనకు వినబడటం దాని వెంట వచ్చే సుఖాలు. కానీ అదే మనిషికి నీళ్లు కావాలి. ఎండు కొండలో రెండు సీసాల నీళ్లు ఎంతసేపు వస్తాయి? ఊరి మధ్య ధారగా పారే కొళాయి, తలుపు తీసి ఉన్న చిన్న హోటల్, రొట్టె అమ్మే అంగడి, పడిపోతే వచ్చి లేపే మనిషి, రాళ్లు దొర్లితే తీసేసే రోడ్డు సిబ్బంది, వీటిలో ఏది లేకపోయినా ఈ ప్రయాణం సాహసంగా మారుతుంది. ఎవరూ లేని రోడ్డు అని పొగిడే ప్రతివాడూ ఎవరో ఒకరు ఉన్నారన్న ధీమాతోనే బయల్దేరుతున్నాడు.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం బలమైనదే. బతుకుదెరువు లేకపోయిన చోటును అందమని చెప్పుకోవడం బాగా బతికేవాళ్ల తీరిక మాట కాదా? వెళ్లినవాళ్లు సుఖపడ్డారు, వాళ్లను మళ్లీ రాళ్ల మడుల్లోకి లాగాలా? ఎవరినీ లాగమనడం లేదు. వలసపోవడం వాళ్ల హక్కు, చాలామందికి అది మేలే చేసింది. కానీ అందరూ మనసారా వెళ్లలేదు. బడి మూసేసి, బస్సు తగ్గించి, డాక్టరును వారానికొకసారి పంపితే పడుచు కుటుంబాలు ఉండలేవు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. సెర్హియో దెల్ మొలీనో 2016లో ‘ఖాళీ స్పెయిన్’ అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకం రాశాక ఈ బాధ ఆ దేశ రాజకీయాల్లో పెద్ద చర్చ అయింది. పైగా కొండ ఖాళీ అయిన జిల్లాలోనే తీరం కిక్కిరిసింది. ఎల్ ఎహీదోతో సహా ఈ తీరంలో దాదాపు 30,000 హెక్టార్ల నేలను ప్లాస్టిక్ కప్పిన తోటలు ఆక్రమించాయి. ఐరోపా చలికాలపు టమాటాలు, దోసకాయలు అక్కడ పండుతాయి. మొరాకో నుంచి, ఇతర ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన కూలీలు ఆ వేడిలో పనిచేస్తారు, భూగర్భ జలం తరిగిపోతోంది. కొండ మీది మౌనం, తీరం మీది రద్దీ ఒకే ఆర్థిక వ్యవస్థకు రెండు ముఖాలు. మొదటిదాన్ని ఆస్వాదిస్తూ రెండోదాన్ని చూడనట్టు నటించడం న్యాయం కాదు.

రెండో అభ్యంతరం: కాఫీ తాగే నలుగురు సైకిలిస్టులు ఊరిని బతికిస్తారా? బతికించలేరు. వుయెల్టా పోటీ వచ్చి వేలమంది గుమిగూడిన రోజు కూడా మర్నాటికి ఊరు ఊరే. అయితే చిన్న ఊళ్లో లెక్కలు చిన్నవి. వేసవిలో సెలవులకు వచ్చే బంధువుల మీద నడిచే హోటల్‌కు నవంబరు, ఫిబ్రవరి నెలల్లో రోజుకు పదిమంది వస్తే తలుపు తీసి ఉంచడానికి ఒక కారణం. ఆ హోటలే ముసలివాళ్లకు కూడలి, పోస్టు అందుకునే చోటు, కబురు చెప్పుకునే చోటు. మూడో అభ్యంతరం విమానం గురించి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి పొగ లేని బండి తొక్కడంలో వైరుధ్యం ఉంది, దాన్ని కప్పిపుచ్చలేం. దాన్ని తగ్గించే దారి తక్కువసార్లు రావడం, వచ్చినప్పుడు ఎక్కువ రోజులుండటం, రోజుకో కొండ దాటేయకుండా ఒకే లోయలో బస చేయడం. ఊరికి డబ్బు మిగిలే దారి కూడా అదే. ఇక అందరూ వస్తే నిశ్శబ్దం పోతుందన్న భయానికి జవాబు సైకిలులోనే ఉంది. వందమంది సైకిలిస్టుల చప్పుడు ఒక్క మోటారు సైకిలు చప్పుడుకు చాలదు.

ఎండు నేలను వదిలిపోవడం ప్రకృతి ధర్మమనీ దాన్ని ఆపాలనుకోవడం వృథా అనీ చివరగా ఒక మాట వినబడుతుంది. దీనికి జవాబు చెప్పడానికి మనకు స్పెయిన్ దాకా పోనక్కరలేదు, స్పెయినే మన దగ్గరికి వచ్చింది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. ఆయన సంస్థ నీటి గుంటలు, బడులు, ఇళ్లు, ఆస్పత్రులు కట్టింది. స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన డబ్బు దానికి వెన్నెముక. అనంతపురం నుంచి బెంగళూరుకు వలస ఆగిపోలేదు, కానీ ఉండాలనుకున్నవాళ్లకు ఉండే వీలు పెరిగింది. వాన తక్కువ కావడం ఒక నేల జాతకాన్ని కొంతవరకే రాస్తుంది. మిగతాది బడి, వైద్యం, రోడ్డు, నీటి పద్దు రాస్తాయి. ఫిలాబ్రెస్ ఊళ్లకూ అదే కావాలి. కాబట్టి సైకిలిస్టుల సంఘాలు కొత్త బోర్డులు, సైకిల్ పటాలు అడిగేటప్పుడు ఆ ఊరి డాక్టరును, బస్సును, బడిని కూడా అడగాలి. అది దయ కాదు, తమ సొంత అవసరం. మనుషులుండి, వాళ్లకు పనులుండి, అయినా బండ్లు నెమ్మదిగా పోయే కొండదారిని ఒక సమాజం నిలబెట్టుకోగలిగితే, దాన్ని గొప్ప ప్రజా నిర్మాణాల్లో ఒకటిగా లెక్కించాలి. దానికి నిధులు కేటాయించాలి, దాని పక్కన ఉండేవాళ్ల మాటకే ముందు విలువ ఇవ్వాలి.