పీతలవేట

గడచిన దసరా సెలవులలో విశాఖపట్టణము చూపింపుమని మా పిల్లలు పట్టుపట్టిరి. ఇంతలో మా నాన్నగారు, "నీళ్లు చూచుట కంతదూర మేల? ఇచ్చటికే రండు, పీతలు పట్టుదము" అని ఫోనులో చెప్పిరి. మా యూరు కాకినాడకు దక్షిణమున, తాళ్లరేవు చెంత, గౌతమీ గోదావరి పాయలు మడ అడవులలో జొరబడి సముద్రమున గలియు ప్రాంతమున నున్నది. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవు మాకు పొరుగే. 1839 నవంబరులో వచ్చిన పెనుతుపానుతో ఆ రేవు పాడుపడెను. పిల్లలు సంతోషముతో గంతులు వైచిరి. నేను మాత్రము కొంత సంకోచించితిని. పీతల మాట వచ్చినప్పుడెల్ల నాకట్లే యుండును.

కోరంగి అభయారణ్యము 1978లో ఏర్పడినది. దాని యెల్లలోనికి పోక, ఊరివైపు పాయగట్టుననే మేము కూర్చుంటిమి. తెచ్చిన సామగ్రి స్వల్పము: నాలుగు కఱ్ఱలు, నైలాను త్రాళ్లు, చేపతలలు, పిడిగల గుండ్రని చేతివల యొకటి. మా వారు పట్టణమున పెరిగినవారు గావున పులిహోరయు మజ్జిగయు మోసికొని వచ్చుటయే తమ వంతు పని యనుకొనిరి.

పాటు వేళ పీత బురదలోని బొరియలో దాగియుండును. పోటు వచ్చి నీరు పెరిగినప్పుడు మేతకై వెలికి వచ్చును. కావున పోటు మొదలగునప్పుడే త్రాటికి చేపతల గట్టి నీటిలో విడువవలెను. త్రాడు మెల్లగా బిగిసినచో పీత ఎరను పట్టినదని గుర్తు. అప్పుడు తొందరపడరాదు. జానెడేసి చొప్పున లాగుచు, అది నీటి పైభాగమునకు రాకమునుపే వలను క్రిందినుండి పెట్టవలెను. పీతకు ఆశ మెండు; ఎరను ఒకపట్టున విడువదు. అయినను పైవెలుగు సోకెనా, విడిచి మునుగును. మా అబ్బాయి ఒక్కపెట్టున లాగి వరుసగా మూడింటిని పోగొట్టెను. మా వారు రెండింటిని పోగొట్టి, దోషము వలదని వాదించిరి. పదియేండ్ల మా అమ్మాయి మాత్రము ఊపిరి బిగబట్టి మొదటి పీతను గట్టెక్కించెను.

అది మండపీత. కాళ్లు పది, ముందరి రెండు పట్టుకారులవలె నుండును, చివరి రెండు ఈదుటకు తెడ్లవలె చదునై యుండును. దానిని వెల్లకిల ద్రిప్పి కడుపుమీది మడత యిరుకైనచో మగదనియు, వెడల్పైనచో ఆడదనియు నాన్నగారు చూపిరి. పీత పెరుగుటకు పాత డిప్పను విడువవలెను. క్రొత్తగా విడిచినదానిలో నీరే గాని కండ యుండదు. ప్రక్కడిప్పను బొటనవ్రేలితో నొక్కినచో లొంగును; అట్టిదానిని గుల్లపీత యందురు. పున్నమికి పీతలు గుల్లయగునని మా యూరి పెద్దల మాట. నేను విజ్ఞానశాస్త్రము బోధించుదానను గనుక ఈ మాటను నమ్ముటకు వెనుదీయుదును. కాని పున్నమినాడు పీతలను కొనను.

నాన్నగారు పీత వీపును పాదముతో నదిమి, పెద్దకాళ్లను మడిచి త్రాటితో రెప్పపాటులో కట్టివేసిరి. అప్పుడు మా అబ్బాయి వారి కుడిచేతి చూపుడువ్రేలు వంకరపోయి యుండుట చూచి, "తాతయ్యా, ఇది పీత కఱచినదా?" అని యడిగెను. అది పడవత్రాడు ఒరసికొనుటచేత నైనదని నేను పిల్లలతో ఎన్నడో చెప్పియుంటిని.

"అవునురా. మీ అమ్మ టీచరు చదువు చదువునాటిది" అనిరి నాన్నగారు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపానులో మా పడవయు వలలును పోయినవి. అటుపిమ్మట కొన్నియేండ్లు నాన్నగారు పాటువేళ బురదలో దిగి, మడచెట్ల వేళ్లనడుమ బొరియలు వెదకి, ఇనుపకొక్కెముతో పీతలను లాగి బ్రతుకు గడిపిరి. కొక్కెమునకు అందనిచోట చేయి పెట్టుచుండిరి. నా పరీక్షరుసుము కట్టవలసిన వారములో నొక పెద్దపీత ఆ వ్రేలిని నలిపివేసినది. వారు గుడ్డ చుట్టుకొని, ఆ పీతలనే అమ్మి, ఆ సొమ్ముతో నేనున్న వసతిగృహమునకు వచ్చిరి.

"నీ వ్రేలు చూచి అమ్మ యేడ్చినదా, తాతయ్యా?" అని మా అమ్మాయి యడిగెను.

"ఏడ్వదా మఱి! కాఫీ యిప్పించినది. బస్సు దాక వచ్చి సాగనంపినది."

వానిలో నొక్కటియు జరుగలేదు. ఆనాడు వారి పంచెకు బురద యుండెను, నీచువాసన యుండెను. గేటుకడ తోడి విద్యార్థినులు, "ఎవ రాయన?" అని యడిగినప్పుడు, "మా యూరివారు, డబ్బు తెచ్చిరి" అంటిని. రెండడుగుల దూరమున నున్న నాన్నగారు ఆ మాట వినిరి. డబ్బు నా చేతిలో బెట్టి, "వచ్చెదనమ్మా" అని వెడలిపోయిరి. ఆ సంగతి మా యిద్దఱి నడుమ నెన్నడును మాటకు రాలేదు.

"నాన్నా, ఆనాడు నేను..." అంటిని.

"అమ్మాయీ, నీ త్రాడు బిగిసినది. మెల్లగా లాగుము" అనిరి వారు.

నేను లాగితిని. వల పెట్టుటకు నా చేతులు వణకినవి, వారే పెట్టిరి. ఆ దినమున దొరికిన వానిలో అది పెద్దది.

మొత్తము తొమ్మిది పీతలు దొరికినవి. పిల్ల పీతలు రెండును, గుల్లపీత యొకటియు మరల నీట విడిచితిమి. సాయంకాలము చింతపండు పులుసులో మిరియములు దంచి వేయుచు, వంటయింటిలో పిల్లల నిద్దఱిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని జరిగినది జరిగినట్లు చెప్పితిని. అబ్బాయి తల వంచుకొనెను. అమ్మాయి చాలసేపు నా ముఖము చూచి, "అమ్మా, నీవు చెప్పినట్లు తాతయ్యకు తెలియునా?" అని యడిగెను.

"నీవే పోయి చెప్పుము" అంటిని.

అది అరుగు మీదికి పోయి వారి చెవిలో నేమో చెప్పెను. కొంతసేపటికి, "పులుసు మాడుచున్నట్లున్నది, చూడుమమ్మా" అని నాన్నగారి కేక వినవచ్చెను. పులుసు మాడలేదు.